పటాల మీద ముందే పుట్టిన పెనుగాలి: ఎయోవిన్‌ను ఔత్సాహికులు ఎలా చదివారు

2025 జనవరి 21న బ్రిటన్ వాతావరణ శాఖ ఒక తుఫానుకు ఎయోవిన్ అని పేరు పెట్టేనాటికి ఆ తుఫాను ఇంకా రూపు దాల్చలేదు. దానికి కావలసిన చల్లగాలి అమెరికా దక్షిణ రాష్ట్రాల మీద, తేమగాలి పశ్చిమ అట్లాంటిక్ మీద విడివిడిగా ఉన్నాయి. అయినా ఐర్లాండ్, స్కాట్లండ్‌లలోని వాతావరణ ఔత్సాహికులు అప్పటికే దానిని పటాల మీద గమనిస్తూ, ప్రతి ఆరు గంటలకు వచ్చే కొత్త కంప్యూటర్ సూచన లెక్కను పాత లెక్కతో పోల్చుకుంటూ ఉన్నారు. మూడు రోజుల తర్వాత, 24వ తేదీ తెల్లవారుజామున, గాల్వే కౌంటీ తీరంలోని మేస్ హెడ్ కేంద్రంలో గాలి విసురు గంటకు 184 కిలోమీటర్లకు చేరింది. 1945 జనవరిలో ఫోయిన్స్ వద్ద నమోదైన 182 కిలోమీటర్ల ఐర్లాండ్ రికార్డు ఎనభై ఏళ్లకు చెరిగిపోయింది. ఐర్లాండ్‌లో 7,68,000 కనెక్షన్లకు కరెంటు పోయింది. కొన్ని పల్లెలకు అది తిరిగి రావడానికి రెండు వారాల పైనే పట్టింది.

పుట్టని తుఫానుకు పేరు పెట్టగలిగేంత ముందుచూపు ఉండి కూడా, ఏ ప్రాంతం మీద ఎంత గాలి, ఏ గంటలో వీస్తుందన్నది చివరి రోజు దాకా తేలలేదు. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధంగా కనిపిస్తాయి కానీ, శీతాకాలపు పెనుగాలి నిర్మాణం తెలిసిన వారికి ఇందులో ఆశ్చర్యం ఉండదు. తుఫాను రావడం ముందే తెలుస్తుంది. ఆ తుఫానులో గాలి ఎక్కడ దాగి ఉందో చివరికి గాని తెలియదు.

బంగాళాఖాతం తుఫాన్లకు అలవాటుపడిన మనం ఏ తుఫాను వార్త విన్నా మొదట అడిగే ప్రశ్న అది ఎక్కడ తీరం దాటుతుందని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీదుగా వచ్చినప్పుడు ఆ ప్రశ్నకు అర్థముంది, ఎందుకంటే ఉష్ణమండల తుఫానులో అతి తీవ్రమైన గాలి కేంద్రం చుట్టూ కొన్ని పదుల కిలోమీటర్ల వలయంలోనే ఉంటుంది. కేంద్రం ఎటు పోతుందో తెలిస్తే గాలి ఎక్కడ పడుతుందో దాదాపు తెలిసినట్టే. ఎయోవిన్ విషయంలో అదే ప్రశ్న వేసుకున్న వారు పొరబడి ఉండేవారు. దాని కేంద్రం ఐర్లాండ్ నేలను తాకనే లేదు. వాయవ్యాన సముద్రం మీదనే ఉండి ఈశాన్యంగా సాగిపోయింది. రికార్డు గాలి మాత్రం ఆ కేంద్రానికి ఎంతో దక్షిణంగా ఉన్న గాల్వే తీరాన్ని కొట్టింది.

తేడా శక్తి వచ్చే చోటులో ఉంది. మన తుఫాను వెచ్చని సముద్రం నుంచి ఆవిరయ్యే నీటితో బతుకుతుంది. నేల ఎక్కగానే ఆహారం అందక నీరసిస్తుంది. యూరప్‌ను శీతాకాలంలో కొట్టే సమశీతోష్ణ చక్రవాతం ప్రధానంగా ధ్రువం వైపు చల్లగాలికి, ఉష్ణమండలం వైపు వెచ్చగాలికి మధ్యనున్న ఉష్ణోగ్రత తేడాతో బతుకుతుంది. బరువైన చల్లగాలి కిందికి జారి, తేలికైన వెచ్చగాలి పైకి లేచేటప్పుడు విడుదలయ్యే శక్తే గాలి వేగంగా మారుతుంది. ఆ తేడా శీతాకాలంలో అన్నిటికంటే ఎక్కువ కాబట్టి పెనుగాలుల కాలం అక్టోబరు చివర మొదలై మార్చి దాకా నడుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో నార్వేలోని బెర్గెన్ నగరంలో విల్‌హెల్మ్ బియెర్క్‌నెస్, ఆయన కుమారుడు యాకబ్, వారి సహచరులు ఈ చిత్రాన్ని మొదటిసారి స్పష్టంగా గీశారు. రెండు గాలుల సరిహద్దును వారు యుద్ధరంగంలోని సేనల వరుసతో పోల్చి 'ఫ్రంట్' అన్నారు. నేటికీ పటాల మీద నీలి ముళ్ల గీత, ఎర్రటి అర్ధచంద్రాల గీత ఆ బెర్గెన్ బడి ఆనవాళ్లే.

వేగంలోనూ పోలిక లేదు. బంగాళాఖాతంలో తుఫాను సాధారణంగా గంటకు పది, ఇరవై కిలోమీటర్ల చొప్పున కదులుతుంది. అట్లాంటిక్ శీతాకాలపు తుఫాను అరవై, ఎనభై కిలోమీటర్ల చొప్పున పరుగెత్తడం మామూలే. ఈ పరుగు గాలికి కలిసొస్తుంది. ఉత్తరార్ధగోళంలో తుఫాను చుట్టూ గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది కనుక, ఈశాన్యానికి పోతున్న తుఫానుకు కుడివైపున, అంటే దక్షిణ, ఆగ్నేయ భాగాల్లో, సుడి తిరిగే వేగానికి తుఫాను ప్రయాణ వేగం తోడవుతుంది. కేంద్రం వాయవ్యాన ఉండగా ఐర్లాండ్ దేశమంతా ఆ కుడివైపునే పడటం ఎయోవిన్ చేసిన కీడులో సగం.

మిగతా సగం పైనుంచి వచ్చింది. నేలకు తొమ్మిది, పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు పరుగెత్తే గాలి ప్రవాహమే జెట్ స్ట్రీమ్. కింద ఉష్ణోగ్రతల తేడా పెరిగిన కొద్దీ పైన ఆ ప్రవాహం వేగం పుంజుకుంటుంది. 2025 జనవరి మూడో వారంలో ధ్రువపు చల్లగాలి ఏకంగా మెక్సికో సింధుశాఖ అంచు దాకా దిగింది. లూసియానాలోని లేక్ చార్లెస్ వాతావరణ కార్యాలయం తన చరిత్రలో మొదటిసారి హిమపాత పెనుగాలి హెచ్చరిక జారీ చేసింది. న్యూ ఆర్లీన్స్ విమానాశ్రయంలో ఎనిమిది అంగుళాల మంచు కురిసింది. హ్యూస్టన్ కూడా తెల్లబడింది. అక్కడున్న మనవాళ్లు పంపిన ఫోటోల ద్వారా ఆ సంగతి చాలా తెలుగు ఇళ్లకు చేరే ఉంటుంది. ఆ చల్లగాలి అట్లాంటిక్ మీది వెచ్చని గాలిని ఒరుసుకున్నచోట ఉష్ణోగ్రతల తేడా అసాధారణంగా పెరిగి, జెట్ స్ట్రీమ్ వేగం గంటకు 300 కిలోమీటర్లను మించిపోయింది. ఐర్లాండ్ మీద రాబోయే పెనుగాలి కథ రెండు మూడు రోజుల ముందు లూసియానా మంచులో మొదలైందని చెప్పడం అతిశయోక్తి కాదు.

జెట్ స్ట్రీమ్ వేగంగా ఉన్నంత మాత్రాన కింద తుఫాను పుట్టదు. ఆ ప్రవాహంలో అత్యధిక వేగమున్న భాగం ఒకటి ఉంటుంది; గాలి ఆ భాగంలోకి ప్రవేశించే చోట కుడివైపున, బయటికి వచ్చే చోట ఎడమవైపున, పై ఎత్తులో గాలి నలుదిక్కులకూ విడిపోతుంది. నేల మీద పీడనమంటే మన నెత్తిన నిలువునా ఉన్న గాలి బరువే కదా. పైన విడిపోయే గాలి, కింద వచ్చి చేరే గాలి కంటే ఎక్కువైతే ఆ బరువు తగ్గుతుంది. బరువు తగ్గిన చోటుకు చుట్టుపక్కల గాలి దూసుకొస్తుంది. తేమ నీటిబొట్లుగా మారుతూ విడిచే వేడి ఆ పైకిలేచే గాలికి ఇంకాస్త ఊతమిస్తుంది. ఎయోవిన్ జెట్ స్ట్రీమ్‌కు దక్షిణాన, వెచ్చని వైపు పుట్టి, దానిని అడ్డంగా దాటి ఉత్తరాన ఎడమవైపు భాగంలోకి సరిగ్గా సమయానికి చేరింది. పటాలు చూసేవారు ఈ దాటే ఘడియ కోసమే కాచుకుని ఉంటారు. కాస్త ముందుగానో వెనుకగానో దాటితే అదే అల్పపీడనం మామూలు వానగాలిగా మిగిలిపోతుంది.

పీడనం ఎంత వేగంగా పడితే తుఫానును అసాధారణమనాలన్నదానికి 1980లో ఫ్రెడరిక్ శాండర్స్, జాన్ గ్యాకుమ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక కొలబద్ద పెట్టారు. 60 డిగ్రీల అక్షాంశం వద్ద 24 గంటల్లో 24 హెక్టోపాస్కళ్లు, అంటే పాత లెక్కలో 24 మిల్లీబార్లు, పడితే దానిని 'బాంబు' అన్నారు. దక్షిణానికి వచ్చే కొద్దీ ఈ హద్దు తగ్గుతుంది; గాల్వే అక్షాంశానికి అది సుమారు 22. ఎయోవిన్ కేంద్రంలో ఒక్క రోజులో దాదాపు 50 పడి, పీడనం 940 దరిదాపులకు దిగింది. వార్తాపత్రికలకు ఈ బాంబు అన్న మాట ఎంత నచ్చిందంటే ఏటా రెండు మూడుసార్లైనా శీర్షికల్లో పేలుతూనే ఉంటుంది. నిజానికి అట్లాంటిక్‌లో ఇలాంటివి ప్రతి శీతాకాలం చాలానే పుడతాయి. వాటిలో ఎక్కువ భాగం సముద్రం మీదే పుట్టి సముద్రం మీదే పోతాయి.

లోతుకూ నష్టానికీ నేరుగా లంకె లేదన్న సంగతి ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే కొత్తగా ఈ అభిరుచిలోకి వచ్చినవారు తరచుగా కేంద్రంలోని పీడనం అంకెనే చూసి తుఫాను బలాన్ని నిర్ణయిస్తారు. 1993 జనవరిలో స్కాట్లండ్‌కు, ఐస్‌లాండ్‌కు మధ్య ఏర్పడిన తుఫాను పీడనం సుమారు 914 హెక్టోపాస్కళ్లకు పడింది. ఉత్తర అట్లాంటిక్ సమశీతోష్ణ తుఫాన్లలో అంతకంటే లోతైనది నమోదైనట్టు లేదు. షెట్లాండ్ దీవుల దగ్గర అప్పటికే రాళ్లకెక్కి ఉన్న బ్రేయర్ అనే చమురు నౌకను అది ముక్కలు చేసింది. అయినా నేల మీద జరిగిన నష్టంలో అది పెద్ద తుఫాన్ల సరసన నిలవదు. అంతకంటే ఎంతో తక్కువ లోతున్న లోతార్ తుఫాను 1999 డిసెంబరు 26న ఫ్రాన్స్‌ను గంటకు వంద కిలోమీటర్ల ప్రయాణ వేగంతో చీల్చుకుంటూ పోయి, పారిస్ పక్కనే ఉన్న ఓర్లీలో 173 కిలోమీటర్ల విసురును మిగిల్చింది. గాలిని నడిపేది పీడనం ఎంత తక్కువన్నది కాదు, కొద్ది దూరంలో అది ఎంత మారుతుందన్నది. పటం మీద ఒకే పీడనమున్న చోట్లను కలిపే సమభార రేఖలు ఎంత దగ్గరగా ముడుచుకుని ఉన్నాయో చూసేవాడే గాలిని చూసినట్టు.

ఇక వెంబడించడం. ప్రపంచంలో ఎక్కడున్న ఔత్సాహికుడైనా ప్రధానంగా రెండు పెద్ద లెక్కల మీద ఆధారపడతాడు: ఇంగ్లండ్‌లోని రీడింగ్ ప్రధాన కార్యాలయంగా పనిచేసే యూరోపియన్ మధ్యకాలిక వాతావరణ సూచన కేంద్రం మోడల్, అమెరికా ప్రభుత్వ జీఎఫ్ఎస్ మోడల్. రెండింటికీ ప్రధాన గడియలు గ్రీనిచ్ కాలమానం ప్రకారం అర్ధరాత్రి, మధ్యాహ్నం. మధ్యలో ఉదయం, సాయంత్రం ఆరు గంటలకు మరో రెండు. అర్ధరాత్రి లెక్క మొదలయ్యే సమయానికి మనకు ఉదయం ఐదున్నర. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సామాజిక మాధ్యమాల ద్వారా జిల్లాలవారీగా వర్ష సూచనలు చెప్పే ఔత్సాహికులు తెరిచేదీ ఈ పటాలనే. అట్లాంటిక్ భాగం బదులు బంగాళాఖాతం భాగం చూస్తారు, అంతే.

పది రోజుల తర్వాతి పటంలో ఒక భీకరమైన అల్పపీడనం కనబడగానే ఊగిపోవడం ఈ అభిరుచిలో తొలినాటి జబ్బు. అంత దూరపు పటం ఒక్కటే అయితే దానికి విలువ లేదు. వాతావరణం నేటి స్థితిని మనం పూర్తిగా కొలవలేము. మహాసముద్రం మీద ఖాళీలు ఎన్నో. ఆ చిన్న పొరపాట్లు రోజులు గడిచేకొద్దీ పెరిగి పెద్దవవుతాయి. అందుకే యూరోపియన్ కేంద్రం ప్రతిసారీ ఒక్క లెక్క చేసి ఊరుకోదు. ఆరంభ స్థితిని కొద్ది కొద్దిగా మార్చి మొత్తం 51 లెక్కలు వేస్తుంది. దీనిని ఎన్‌సెంబుల్ అంటారు. 51లో మూడు మాత్రమే పెనుగాలిని చూపితే అది గుర్తుపెట్టుకోవలసిన సంగతి మాత్రమే. నలభై చూపితే మాట్లాడవలసిన సంగతి. ఎయోవిన్ విశేషమేమిటంటే, నాలుగైదు రోజుల ముందే లెక్కల్లో అత్యధిక భాగం ఐర్లాండ్‌కు వాయవ్యంగా లోతైన తుఫాను వస్తుందని ఒప్పుకున్నాయి. పేరును అంత ముందుగా పెట్టగలిగింది ఆ ఏకాభిప్రాయం వల్లనే. లోతార్ నాటి లెక్కల్లో అలాంటి ఏకాభిప్రాయం లేదు. జెట్ స్ట్రీమ్ కింద అది చిన్న అలలా పరుగెత్తి, చివరి గంటల్లో ఒక్కసారిగా బలపడింది.

అయితే ఎన్‌సెంబుల్ ఏకాభిప్రాయం తుఫాను కేంద్రం దారి గురించి. ఆ దారి ఎనభై కిలోమీటర్లు అటో ఇటో జరిగితే పటంలో పెద్ద తేడా కనబడదు; గాల్వేలోని ఒక గడ్డివాము యజమానికి మాత్రం ఆ ఎనభై కిలోమీటర్లే ప్రపంచం. అనుభవమున్న ఔత్సాహికుడు ఇక్కడ పంథా మారుస్తాడు. తుఫాను రెండు రోజుల దూరానికి వచ్చాక పెద్ద మోడళ్లను పక్కనబెట్టి, ప్రాంతాన్ని ఒకటి నుంచి రెండున్నర కిలోమీటర్ల గడులుగా విడగొట్టి లెక్కించే ప్రాంతీయ మోడళ్లకు మారతాడు. పెద్ద మోడళ్ల గడి సుమారు తొమ్మిది నుంచి పదమూడు కిలోమీటర్లు. తుఫాను లోపలి సన్నని గాలి పట్టీలు అందులో ఇమడవు, ఇమిడినా మొద్దుబారిపోతాయి. చివరి రోజున మోడళ్లను కూడా తగ్గించి, కళ్లెదుట జరుగుతున్నదానిని చూస్తాడు: ఉపగ్రహ చిత్రాలు, సముద్రం మీద తేలుతూ కొలతలు పంపే బోయాలు, తీరం కేంద్రాల పీడనం.

తీరంలోని ఒక్క కొలత ఎంత బరువు తూగగలదో ఐర్లాండ్‌కు తెలిసినంతగా మరొకరికి తెలియదు. 1944 జూన్ తొలినాళ్లలో మేయో కౌంటీలోని బ్లాక్‌సాడ్‌లో మొరీన్ ఫ్లావిన్ అనే యువతి నమోదు చేసిన పీడనం పతనం రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల నార్మండీ దాడిని ఒక రోజు వాయిదా వేయించిన ఆధారాల్లో ఒకటి. ఎయోవిన్ నాడు అదే తీరం ముందు వరుసలో నిలబడింది.

ఉపగ్రహ చిత్రాల్లో వెతకవలసింది రెండు ఆకారాలను. మొదటిది నీటి ఆవిరి చిత్రంలో తుఫాను వెనుకనుంచి కేంద్రం వైపు చొచ్చుకొచ్చే నల్లని నాలుక. అది పైఎత్తుల్లోంచి కిందికి జారుతున్న పొడిగాలి. అది చీకటిగా, పదునుగా కనబడితే తుఫాను వేగంగా బలపడుతోందని అర్థం. రెండోది కేంద్రం పక్కన కొక్కెంలా వంగిన మేఘపు తల. ఆ మేఘపు తల కొన విడివిడి పట్టీలుగా చీలుతుంటే చూసేవారు ఉలిక్కిపడతారు, ఎందుకంటే స్టింగ్ జెట్ అనేది పుట్టే చోటు అదే.

శీతాకాలపు తుఫానులో బలమైన గాలి మూడు వేర్వేరు చోట్ల ఉంటుంది, మూడింటి స్వభావం వేరు. తుఫానుకు ముందు భాగంలో నైరుతి నుంచి వెచ్చగా, తేమగా వచ్చే ప్రవాహం విశాలమైనది. గంటల తరబడి వీస్తుంది, వాన తెస్తుంది, సాధారణంగా ప్రాణాంతకం కాదు. కేంద్రం చుట్టూ ఉత్తరం నుంచి తిరిగి పడమర, నైరుతి భాగాలకు వచ్చే చల్లని ప్రవాహం మరింత బలమైనది. అది తుఫాను వెనుక చాలాసేపు ఉంటుంది. ఈ రెండింటి మధ్య, మేఘపు తల కొన నుంచి మూడు, నాలుగు కిలోమీటర్ల ఎత్తున బయల్దేరి కొద్ది గంటల్లో నేలకు దిగే సన్నని ప్రవాహమే స్టింగ్ జెట్. దాని వెడల్పు ఒక్కోసారి యాభై కిలోమీటర్లకు మించదు, ఆయుష్షు మూడు నాలుగు గంటలు. కిందికి దిగేటప్పుడు అది మంచు రేణువులు, వానచినుకులు ఉన్న పొర గుండా పోతుంది. అవి ఆవిరయ్యేటప్పుడు గాలి నుంచి వేడిని లాక్కుంటాయి, మట్టికుండలో నీళ్లు చల్లబడినట్టే. చల్లబడిన గాలి బరువెక్కి మరింత వేగంగా దిగుతుంది. ఈ ఆవిరి వల్ల కలిగే చల్లదనం పాత్ర ఎంత, పీడనం అమరిక పాత్ర ఎంత అన్నదానిపై శాస్త్రవేత్తల్లో ఇంకా వాదన నడుస్తోంది. వేగమున్న గాలి పైన ఉండటం అరుదు కాదు. అది నేలను అందుకోవడం అరుదు, అందుకే దీనికి ఇంత పట్టింపు.

1987 అక్టోబరు 15, 16 తేదీల మధ్య రాత్రి దక్షిణ ఇంగ్లండ్‌ను కుదిపిన తుఫాను ఒకటిన్నర కోట్ల చెట్లను కూల్చింది. ఆ రాత్రి గాలి కొలతలను మళ్లీ శోధించి, 2004లో బ్రిటన్ వాతావరణ శాస్త్రవేత్త కీత్ బ్రౌనింగ్ ఈ ప్రవాహానికి స్టింగ్ జెట్ అని పేరుపెట్టారు. తుఫాను తోకలో విషముందని నార్వే తీరప్రాంత వాతావరణ శాస్త్రజ్ఞులు అంతకుముందే అంటుండేవారు. 2022 ఫిబ్రవరి 18న బ్రిటన్‌కు వచ్చిన యూనిస్ తుఫానులోనూ స్టింగ్ జెట్ ఆనవాళ్లు కనిపించాయి. ఎయోవిన్ రోజునా ఉపగ్రహ చిత్రాల్లోని మేఘపు తలను చూస్తూ ఇదే చర్చ నడిచింది. ముందు రోజు ఏ మోడలైనా స్టింగ్ జెట్ ఫలానా కౌంటీలో, ఫలానా గంటలో దిగుతుందని చెప్పిందంటే దానిని సగమే నమ్మాలి. అది ఉండే అవకాశముందని చెప్పగలగడమే ఇరవై ఏళ్ల కృషి ఫలితం.

కొలతల దగ్గరికొస్తే, ఔత్సాహికులు గొడవపడేది ఎక్కువగా ఇక్కడే. గాలి వేగమని మనం చదివే అంకెలో రెండు వేర్వేరు సంగతులున్నాయి: పది నిమిషాల సగటు వేగం ఒకటి, మూడు సెకన్ల పాటు వచ్చిన విసురు ఇంకొకటి. మేస్ హెడ్‌లో విసురు 184 కాగా, పది నిమిషాల సగటు 142. ఆ రెండోదీ 1945 నాటి 131 రికార్డును దాటింది. నా దృష్టిలో అసలు భయపెట్టవలసిన అంకె ఆ 142, ఎందుకంటే విసురు ఒక్క క్షణానిది, సగటు గాలి ఎడతెగకుండా వీచినది. భారత వాతావరణ శాఖ తుఫాను గాలులకు మూడు నిమిషాల సగటు వాడుతుంది, అమెరికా ఒక నిమిషం సగటు వాడుతుంది. అందువల్ల హుద్‌హుద్ అంకెను, ఎయోవిన్ అంకెను, అమెరికా హరికేన్ అంకెను పక్కపక్కన పెట్టి ఏది పెద్దదని తేల్చే పోలికల్లో చాలావరకు లెక్క తప్పుతుంది.

గాలిని కొలిచే కేంద్రం ఉన్న చోటు కూడా ముఖ్యమే. యూనిస్ రోజున ఐల్ ఆఫ్ వైట్ దీవిలోని నీడిల్స్ వద్ద నమోదైన 196 కిలోమీటర్ల విసురు ఇంగ్లండ్ రికార్డు. కానీ ఆ యంత్రం సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్ము మీద ఉంది, గాలి ఆ కొమ్మును ఎక్కుతూ వేగం పుంజుకుంటుంది. ఆ దీవి వెనుకనున్న ఊళ్లలో ఎవరూ ఆ గాలిని చూడలేదు. రికార్డును రికార్డుగా గౌరవిస్తూనే, అది ఊళ్ల మీది గాలి కాదని గుర్తుంచుకోవాలి. ఊళ్ల మీద తక్కువ అంకెలే సరిపోతాయి: గాలి ఒత్తిడి వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది కనుక, 100 నుంచి 140కి చేరిన గాలి ఒక గోడ మీద దాదాపు రెట్టింపు బలంతో పడుతుంది. ఐర్లాండ్ అడవుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే సిట్కా స్ప్రూస్ చెట్లు తడిసిన మెత్తని నేలలో వేళ్లు లోతుగా పాతుకోలేవు. జనవరి వానలకు నేల నాని ఉన్నప్పుడు అవి తలొంచడానికి రికార్డు గాలి అవసరం లేదు. డోనెగల్‌లో కారు మీద చెట్టు కూలి ఒక వ్యక్తి మరణించాడు.

ఈ అనిశ్చితినంతటినీ రంగులుగా మార్చడం వాతావరణ శాఖల పని. బ్రిటన్‌లో పసుపు, ఆంబర్, ఎరుపు రంగులను నిర్ణయించేది గాలి వేగం ఒక్కటే కాదు. ప్రభావం ఎంత తీవ్రం, అది జరిగే అవకాశం ఎంత అన్న రెండూ కలిసి ఒక పట్టికలో ఏ గడిలో పడతాయో అదే రంగు. ఐర్లాండ్ వాతావరణ శాఖ మెట్ ఎరాన్ ప్రభావాన్ని చూస్తూనే గాలి అంకెలనూ హద్దులుగా పెట్టుకుంది. విసురు 130 దాటుతుందనుకుంటే ఎరుపు. ఎయోవిన్‌కు ఆ దేశంలోని ప్రతి కౌంటీకి ఎరుపు ప్రకటించారు, అయితే గంటలు మాత్రం కౌంటీకొక విధంగా మారాయి. నైరుతి మూల తెల్లవారకముందే ఎరుపులోకి వెళ్లగా, ఈశాన్యం వంతు ఆ తర్వాత వచ్చింది. దేశమంతటా ఒకే రంగు ఉండటం చూసి అతిగా భయపెట్టారన్న వారు ఆ గంటల పట్టికను చదవలేదు. ఉత్తర ఐర్లాండ్, స్కాట్లండ్‌లలో సుమారు 45 లక్షల మంది ఫోన్లకు ముందు రోజు సాయంత్రమే అత్యవసర హెచ్చరిక మోగింది.

ఇలాంటి హెచ్చరికల మూలపురుషుడు బ్రిటన్ వాతావరణ శాఖ వ్యవస్థాపకుడు రాబర్ట్ ఫిట్జ్‌రాయ్. 1859 అక్టోబరులో వేల్స్ తీరాన రాయల్ చార్టర్ అనే ఓడ తుఫానులో బద్దలై 450 మంది పైగా మరణించాక, ఆయన 1861లో ఓడరేవుల్లో శంకువు ఆకారపు గుర్తులను ఎగురవేసే హెచ్చరిక ఏర్పాటు ప్రారంభించారు. మన ఓడరేవుల్లో ఎగురవేసే ప్రమాద సూచికలు ఆ సంప్రదాయానికి చెందినవే. అంతకు ముందు, 1839 జనవరి 6వ తేదీ రాత్రి ఐర్లాండ్‌ను ఊడ్చేసిన మహాగాలికి ఏ హెచ్చరికా లేదు. దాని జ్ఞాపకం మాత్రం అనుకోని విధంగా అక్కరకొచ్చింది: 1909లో డెబ్బై ఏళ్లు దాటినవారికి పింఛను మొదలైనప్పుడు, జనన ధ్రువపత్రం లేని ముసలివారు తమకు ఆ రాత్రి గుర్తుందని చెప్పి వయసు రుజువు చేసుకున్నారు.

ఈ రంగంలోకి ఇటీవల వచ్చిన మార్పు కృత్రిమ మేధ మోడళ్లు. భౌతిక సూత్రాలను అంచెలంచెలుగా లెక్కించే బదులు, అవి గత దశాబ్దాల వాతావరణ రికార్డు నుంచి నేర్చుకుని కొద్ది నిమిషాల్లో పది రోజుల సూచన ఇస్తాయి. యూరోపియన్ కేంద్రం తన సొంత కృత్రిమ మేధ మోడల్‌ను 2025 ఫిబ్రవరి 25న, ఎయోవిన్ వెళ్లిన నెల తర్వాత, రోజువారీ వాడుకలో పెట్టింది. తుఫాను కేంద్రం దారి విషయంలో ఇవి పాత మోడళ్లతో పోటీ పడుతున్నాయి, కొన్నిసార్లు మించుతున్నాయి. గాలి విషయం అలా కాదు. 2023 నవంబరులో ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరాన్ని 207 కిలోమీటర్ల విసురుతో కొట్టిన సియరన్ తుఫాను మీద రీడింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ మోడళ్లను పరీక్షించినప్పుడు, అవి దారిని, తుఫాను ఆకారాన్ని చక్కగా పట్టుకున్నాయి కానీ అత్యధిక గాలిని తక్కువగా చూపాయి. సగటు తప్పును తగ్గించేలా శిక్షణ పొందిన మోడల్ అరుదైన కొనలను చదును చేస్తుంది. అందువల్ల ఇప్పుడు తెలివైన ఔత్సాహికులు ఐదు రోజుల ముందు దారికి కృత్రిమ మేధ ఎన్‌సెంబుల్‌ను, రెండు రోజుల ముందు గాలికి ప్రాంతీయ మోడల్‌ను, చివరి ఆరు గంటల్లో బోయాలను, నీటి ఆవిరి చిత్రాలను నమ్ముతూ, ఏ గంటకు ఏది పనికొస్తుందో పంచుకుని చూస్తున్నారు.